అడవి గులాబీకి పేరు పెట్టడం: డీఎన్‌ఏ మార్కర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గులాబీని చూసి గుర్తుపట్టలేమా? దీనికి డీఎన్‌ఏ దాకా ఎందుకు?

తోటలో గులాబీ సంగతి వేరు. అడవి గులాబీలు ప్రపంచంలో సుమారు 150 నుంచి 200 జాతులు ఉన్నాయంటారు. ఆ "నుంచి" అన్న మాటలోనే అసలు చిక్కంతా ఉంది. ఒకరు ఒకే జాతిగా లెక్కించినదాన్ని ఇంకొకరు నాలుగు జాతులు చేస్తారు. గులాబీలను కొద్దిగా చూసినవాడు ఠక్కున పేరు చెప్పేస్తాడు, ఎక్కువ చూసినవాడే తడబడతాడు అన్న అర్థంలో లిన్నేయస్ ఆనాడే వాపోయాడు. మొక్కలన్నిటికీ పేర్లు పెట్టిన పెద్దాయనే అలా అన్నాడంటే మనమెంత!

రూపం చూసి గుర్తుపట్టేవాళ్లు కొన్ని లక్షణాలు పట్టుకుంటారు. పూవు మధ్యలో కీలాలు (అండాశయం మీది సన్నటి కాడలు) విడివిడిగా ఉన్నాయా, కలిసి ఒక స్తంభంలా నిలబడ్డాయా? ఆకు కాడ మొదట్లో చిన్న రెక్కల్లా ఉండే పత్రపుచ్ఛాలు ఎలా ఉన్నాయి? కాయ పండాక రక్షక పత్రాలు రాలిపోతాయా, అంటుకునే ఉంటాయా? ఆకు వెనుక గ్రంథులు ఉన్నాయా? ఇవి మంచి లక్షణాలే. కానీ అదే మొక్క నీడలో ఒకలా, ఎండలో ఇంకోలా ఉంటుంది. పైగా గులాబీలు ఒకదానితో ఒకటి సులభంగా సంకరమవుతాయి. ఆ పిల్లల్లో సగం లక్షణాలు ఇటు, సగం అటు కనిపిస్తాయి. పూలు లేని కాలంలో వెళ్తే చేతిలో మిగిలేవి ఆకులూ ముళ్లే.

మార్కర్ అంటే ఏమిటి?

జన్యు పదార్థంలో ఒక మొక్కకీ మరో మొక్కకీ తేడా కనిపించే గుర్తించదగిన చోటు. అంతే. ఆ చోట ఉన్న అక్షరాలకు, అంటే డీఎన్‌ఏను కూర్చిన రసాయన భాగాలకు, పూవు రంగుతోనో వాసనతోనో సంబంధం ఉండాల్సిన పనిలేదు. చాలాసార్లు ఉండదు కూడా. సర్వే రాయికి పొలంలో పంటతో పని ఉందా? హద్దు చెప్తే చాలు.

ఎన్నో రకాల మార్కర్ల పేర్లు వింటాం. ఏది దేనికి?

ఒక్కొక్కటిగా చెప్తాను, తేలిగ్గా ఉంటుంది.

1990లో ఆర్‌ఏపీడీ వచ్చింది. పది అక్షరాల చిన్న ప్రైమర్ (డీఎన్‌ఏకు అతుక్కునే ముక్క) వేసి, జన్యురాశిలో అది ఎక్కడ అతుక్కుంటే అక్కడి ముక్కలను పీసీఆర్‌తో, అంటే డీఎన్‌ఏకు ప్రతులు తీసే పద్ధతితో, పెంచి, వాటిని పరిమాణం బట్టి విడదీసే జెల్ మీద గీతలు చూడటం. మొక్క గురించి ముందుగా ఏమీ తెలియకపోయినా చేయొచ్చు, ఖర్చు తక్కువ. అందుకే మన దేశంలో చిన్న ల్యాబుల్లో కూడా దీంతో బోలెడు పని జరిగింది. లోపం ఏమిటంటే ఈరోజు వచ్చిన గీత రేపు రాకపోవచ్చు. యంత్రం మారితే, ఉష్ణోగ్రత కాస్త మారితే గీతలూ మారతాయి. వేరే ల్యాబ్ ఫలితంతో పోల్చి చూడటం దాదాపు అసాధ్యం.

1995లో ఏఎఫ్‌ఎల్‌పీ. ఎంజైములతో డీఎన్‌ఏను కోసి, ఎంపిక చేసిన ముక్కలను మాత్రమే పెంచుతారు. దీని నమ్మకం ఎక్కువ, పని కూడా ఎక్కువే.

ఇంకొకటి ఎస్‌ఎస్‌ఆర్‌లు, అంటే మైక్రోశాటిలైట్లు. రెండు నుంచి ఆరు అక్షరాల చిన్న మాట వరసగా మళ్లీ మళ్లీ వచ్చే చోట్లివి. ఒక మొక్కలో ఆ మాట 12 సార్లు వస్తే పక్క మొక్కలో 15 సార్లు రావచ్చు. తల్లి నుంచి వచ్చినదీ తండ్రి నుంచి వచ్చినదీ విడివిడిగా కనిపిస్తాయి. ఒక కొండ మీద ఎన్ని వేర్వేరు మొక్కలున్నాయో, ఏది ఎవరి బిడ్డో తేల్చాలంటే ఇప్పటికీ నేను ముందు వీటివైపే చూస్తాను.

ఇక డీఎన్‌ఏ అక్షరాల క్రమాలను నేరుగా చదవడం. కేంద్రకంలో ఐటీఎస్ అనే చోటు, హరితరేణువులో మ్యాట్‌కే, టీఆర్‌ఎన్‌హెచ్-పీఎస్‌బీఏ వంటి చోట్లు. జాతుల మధ్య, సెక్షన్ల (దగ్గరి జాతుల గుంపుల) మధ్య చుట్టరికం చూడటానికి ఇవి వాడతారు.

చివరగా ఎస్‌ఎన్‌పీలు, అంటే ఒక్క అక్షరం తేడాలు. గులాబీ కోసమే 68 వేలకు పైగా తేడాలను ఒకేసారి చూసే చిప్ 2015 నాటికే వచ్చింది. అయితే అది ప్రధానంగా తోట గులాబీల నుంచి తయారైంది. అడవి జాతికి వాడితే, తోట గులాబీల్లో లేని తేడాలు దానికి అసలు కనిపించవు. అడవి మొక్కలకు జన్యురాశిలో అక్కడక్కడా ముక్కలు తీసి చదివే పద్ధతులే మేలు. రోజా చైనెన్సిస్‌కు చెందిన 'ఓల్డ్ బ్లష్' అనే పాత రకం పూర్తి జన్యుక్రమం 2018లో రావడంతో, ఆ ముక్కలు ఏ క్రోమోజోముకు చెందినవో చెప్పడం సులువైంది.

హరితరేణువు డీఎన్‌ఏ, కేంద్రక డీఎన్‌ఏ వేర్వేరు జవాబులు ఇస్తే ఏది నిజం?

రెండూ నిజమే. గులాబీలో హరితరేణువు తల్లి వైపు నుంచే వస్తుంది. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు, ఇక్కడ తల్లి వైపు. కాబట్టి హరితరేణువును ఒక్కదాన్నే చదివితే తెలిసేది అమ్మ పుట్టింటి సంగతి మాత్రమే. కేంద్రకంలో ఇద్దరి వాటా ఉంటుంది. రెండు జవాబులు కలవలేదంటే పరీక్ష చెడిందని అనుకోనక్కర్లేదు. నమూనాలు తారుమారు కాలేదని తేలితే, ఎప్పుడో ఒక సంకరం జరిగిందనడానికి అదే మొదటి ఆధారం. ఒక్క హరితరేణువు క్రమం చూసి "ఇది ఫలానా జాతి" అని తేల్చేసిన నివేదిక మీ చేతికొస్తే పక్కన పెట్టేయండి.

మొక్కలకు బార్‌కోడ్ ఉందంటారు కదా. అది చదివితే పేరు రాదా?

2009లో మొక్కలన్నిటికీ ప్రామాణిక బార్‌కోడ్‌గా ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు హరితరేణువు చోట్లను ఎంచుకున్నారు. గులాబీ ప్రజాతి, అంటే గులాబీ జాతులన్నీ కలిసిన గుంపు, అని చెప్పడానికి అవి చాలు. జాతి దాకా వెళ్లడానికి చాలవు. దగ్గర జాతుల్లో అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి, పైగా పై ప్రశ్నలో చెప్పిన అమ్మ పుట్టింటి సమస్య ఎలాగూ ఉంది.

క్రోమోజోములు కూడా లెక్కపెట్టాలా?

తప్పకుండా. గులాబీలో ఒక సెట్ అంటే 7 క్రోమోజోములు. రెండు సెట్లున్న జాతులకు 14, నాలుగు సెట్లుంటే 28, ఇలా పెరుగుతూ పోతుంది. చైనాలోని యునాన్ రాష్ట్రంలో, షాంగ్రిలా అని పేరు మార్చుకున్న జోంగ్‌డియన్ పీఠభూమి మీద మాత్రమే పెరిగే రోజా ప్రేలూసెన్స్‌కు ఏకంగా పది సెట్లు, 70 క్రోమోజోములు. అది అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న గులాబీ.

సెట్ల సంఖ్య తెలియకుండా ఎస్‌ఎస్‌ఆర్ ఫలితం చదవడం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే. రెండు సెట్ల మొక్కలో ఒక చోట గరిష్ఠంగా రెండు రూపాలు కనిపిస్తాయి. నాలుగు సెట్ల మొక్కలో మూడు కనిపించాయనుకోండి, వాటిలో ఏది రెండుసార్లు ఉంది? గీత చూసి వెంటనే చెప్పలేం. పీసీఆర్‌లో ఏ ముక్క ఎంత వచ్చిందో పరిమాణాలు పోల్చి తేల్చాలి. పది సెట్లయితే ఆ లెక్క కూడా చేతులెత్తేస్తుంది. అప్పుడు ఉంది, లేదు అని మాత్రమే రాసుకుంటారు. క్రోమోజోములు లెక్కపెట్టడానికి వేరు కొసలు కావాలి. అవి దొరకకపోతే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో కేంద్రకంలో డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచి అంచనా వేయొచ్చు.

డాగ్ రోజ్‌లు అందరినీ తికమక పెడతాయంటారు, ఎందుకు?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. కాస్త ఓపికగా చదవండి.

యూరప్‌లో చేల గట్ల మీద, కంచెల వెంట పెరిగే రోజా కనైనా, దాని బంధువులను కలిపి డాగ్ రోజ్‌లు అంటారు. వీటిలో ఎక్కువ వాటికి ఐదు సెట్లు, 35 క్రోమోజోములు. ఐదు బేసి సంఖ్య. పుప్పొడికీ అండానికీ సమానంగా పంచడం కుదరదు. మామూలుగా ఇలాంటి మొక్కలు గొడ్డుబోతాయి. డాగ్ రోజ్‌లు మాత్రం కొమ్మ నిండా ఎర్రటి కాయలతో విత్తనాలు ఇస్తూనే ఉంటాయి.

1920 ప్రాంతంలో స్వీడన్‌లో టాక్‌హోమ్, బ్రిటన్‌లో బ్లాక్‌బర్న్, హారిసన్ దీని గుట్టు విప్పారు. 35లో 14 మాత్రమే జంటలుగా కలుస్తాయి, మిగిలిన 21 ఒంటరిగా ఉండిపోతాయి. పుప్పొడి తయారయ్యేటప్పుడు ఆ ఒంటరివన్నీ పోయి, జంటల నుంచి వచ్చిన 7 మాత్రమే మిగులుతాయి. అండంలో మాత్రం ఆ 7తో పాటు 21 ఒంటరివీ చేరతాయి, మొత్తం 28. ఏడూ ఇరవై ఎనిమిదీ కలిస్తే మళ్లీ 35. లెక్క సరిపోయింది.

అంటే బిడ్డకు ఐదింట నాలుగు వంతుల ఆస్తి అమ్మ నుంచే. అందుకే పిల్లలు తల్లిని అచ్చుగుద్దినట్టు ఉంటారు. ఒక్కో లోయలో ఒక్కో తల్లి వంశం కాస్త తేడాగా స్థిరపడిపోయింది. 19వ శతాబ్దపు యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు అలాంటి ప్రతిదానికీ ఒక లాటిన్ పేరు తగిలించారు. వందల కొద్దీ పేర్లు.

ఐటీఎస్ మీద మామూలుగా పెట్టుకునే నమ్మకం కూడా ఇక్కడ చెల్లదు. సాధారణంగా ఒక మొక్కలో ఉన్న ఐటీఎస్ ప్రతులన్నీ కాలక్రమంలో ఒకేలా అయిపోతాయి. డాగ్ రోజ్‌లలో అలా జరగలేదు. ఒకే మొక్కలో అనేక రూపాలు నిలిచి ఉన్నాయి, వాటిలో ఒకటి వేరే ఏ గులాబీలోనూ కనబడనిది. ఇప్పటి గులాబీల్లో లేని ఏదో పూర్వ వంశం ఆనవాలు అది అయ్యుండవచ్చని పరిశోధకులు అనుకుంటారు. ఒకే ఒక్క ప్రతిని చదివి "ఐటీఎస్ వచ్చింది" అని రాసేస్తే మిగిలిన కథంతా పోయినట్టే.

నా అభిప్రాయం అడిగితే, డాగ్ రోజ్‌లలో ప్రతి రూపానికీ జాతి హోదా ఇవ్వడం కంటే తల్లి వంశాలుగా కాపాడుకోవడం మేలు. జాబితాలు రాసేవాళ్లు దీనికి ఒప్పుకోరు, వాళ్ల టెన్షన్ వాళ్లది.

డీఎన్‌ఏ వల్ల పాత అభిప్రాయం ఏదైనా తలకిందులైందా?

అయింది. డమాస్క్ గులాబీ సంగతి చూడండి. రోజ్‌వాటరు, అత్తరు వచ్చేది దాన్నుంచే. ఒకసారి పూసే డమాస్క్ గాలికా, ఫీనీషియా అనే రెండు గులాబీల సంకరమనీ, శరదృతువులో రెండోసారి పూసేది గాలికా, మస్క్ గులాబీల సంకరమనీ చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. 2000లో జపాన్‌కు చెందిన ఇవాటా, కాటో, ఓనో నాలుగు పాత డమాస్క్ రకాల్ని పరీక్షించారు. నాలుగింటి మూలం ఒక్కటేనని తేలింది. ముగ్గురు పూర్వీకులు: మస్క్ గులాబీ, గాలికా, మధ్య ఆసియా కొండల్లో పెరిగే ఫెడ్చెంకోయానా. ఈ మూడో పేరు ఎవరూ ఊహించలేదు. మొదటి రెండింటి సంకరానికి ఫెడ్చెంకోయానా పుప్పొడి తగిలిందని క్రమాలు చూపించాయి. డమాస్క్‌కు రెండోసారి పూసే గుణం ఆ వైపు నుంచే వచ్చిందన్న ఆలోచన దాని తర్వాత బలపడింది. కొండల్లో ఎవరూ పట్టించుకోని ఒక పొద, శతాబ్దాల అత్తరు వ్యాపారంలో వాటాదారు అని ఇన్నాళ్లకు బయటపడింది.

వర్గీకరణలో మార్పులు?

1940లో వృక్షశాస్త్రజ్ఞుడు రెహ్డర్ ఇచ్చిన వర్గీకరణ, నాలుగు ఉపప్రజాతులు, పది సెక్షన్లు, చాలాకాలం నడిచింది. కీలాలు కలిసి స్తంభంలా ఉండే సిన్‌స్టైలే సెక్షన్, చైనా గులాబీల సెక్షన్ విడివిడి కొమ్మలు కావని డీఎన్‌ఏ చెప్పింది. ఆకు విడిపోకుండా ఒకే పత్రంగా ఉండే పర్షియా గులాబీని కొందరు గులాబీయే కాదని హల్థీమియా అనే వేరే ప్రజాతిలో పెట్టారు. అది గులాబీ ప్రజాతిలోకి తిరిగొచ్చింది. ఉత్తర అమెరికాలో రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న గులాబీల్లో బ్లాండా, వుడ్సై అనే రెండింటి మధ్య గీత గీయడం కష్టమని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది.

సంరక్షణకు ఇది ఎలా పనికొస్తుంది?

పేరు పెట్టడం కంటే లెక్కపెట్టడంలో ఎక్కువ పనికొస్తుంది. ఇది చాలామందికి తట్టదు. గులాబీ వేర్ల నుంచి పిలకలు వేస్తుంది. ఒక వాలు మీద 200 పొదలు కనిపిస్తే, అన్నీ ఒకే మొక్క నుంచి వచ్చిన పిలకలు కావచ్చు. ఎనిమిది పది ఎస్‌ఎస్‌ఆర్ చోట్లు చూస్తే తేలిపోతుంది. అన్నింటిలోనూ ఒకే సంఖ్యలు వస్తే అది రెండు వందల కాళ్లున్న ఒకే మొక్క. అలాంటి చోట ఒక్క కొత్త తెగులు వస్తే అన్నింటికీ ఒకే గతి.

ఇక్కడొక మెలిక ఉంది. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ జాబితా అయిన ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ నిబంధనల ప్రకారం ఒకే క్లోనుకు (ఒకే మొక్క జన్యువులున్న గుంపుకు) చెందిన పిలకలు కూడా, విడిగా బతకగలిగితే, విడి మొక్కలుగానే లెక్క. అంటే జాబితాలో 200, జన్యువుల్లో 1. రెండు అంకెలూ రాయకపోతే చదివేవాళ్లు మోసపోతారు.

విత్తనం ఎక్కడ సేకరించాలో కూడా మార్కర్లు చెప్తాయి. నాలుగు లోయల్లో మొక్కలున్నా మూడింట్లో ఒకే రూపాలుంటే, నాలుగో లోయను వదలకూడదు.

తోట గులాబీల వల్ల అడవి గులాబీలకు ప్రమాదమా?

ఉంది. తేనెటీగకు కంచె ఉండదు కదా. తోట గులాబీలో ఎక్కువ వాటికి నాలుగు సెట్లు. రెండు సెట్ల అడవి గులాబీకి దాని పుప్పొడి తగిలితే చాలావరకు మూడు సెట్ల, విత్తనం సరిగ్గా పట్టని పిల్లలు వస్తాయి. అలాంటప్పుడు ప్రకృతే అడ్డుగోడ కడుతుంది. రెండు వైపులా నాలుగు సెట్లుంటే ఆ గోడ ఉండదు. అప్పుడు ఏ పిల్లలో పరాయి వాటా ఎంత ఉందో చెప్పగలిగేది మార్కర్లే.

మన దేశంలో అడవి గులాబీలు ఉన్నాయా?

ఎక్కువగా హిమాలయాల్లో. తెల్లటి గుత్తులతో చెట్లెక్కే బ్రూనోనై, లదాఖ్ వైపు పొడి కొండల్లో వెబ్బియానా. మణిపూర్, మయన్మార్, యునాన్ కొండల్లో రోజా జైగాంటియా ఉంది. పేరుకు తగ్గట్టే పెద్ద పూవు, చెట్ల మీదకు ఎగబాకే తీగ. టీ గులాబీల మూలాల్లో అదొకటి. దక్షిణంలో నీలగిరి, పళని కొండల్లో రోజా లెషెనాల్టియానా ఉంది.

వీటన్నిటిలో విచిత్రమైనది రోజా క్లైనోఫిల్లా. గులాబీకి నీళ్లు నిలవకూడదని మన నర్సరీవాళ్లు చెప్తారు. ఇదేమో బెంగాల్ వైపు పల్లపు నేలల్లో, నదీ తీరాల్లో వరద నీళ్లలో నెలల తరబడి మునిగి ఉండి, నీరు తీశాక పూస్తుంది. పాత పుస్తకాల్లో ఇది వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ పెట్టిన ఇన్‌వాల్యూక్రేటా అనే పేరుతో ఉంటుంది. కలకత్తా వెళ్లకముందు మన సామర్లకోటలో తోట నడిపిన రాక్స్‌బర్గే ఈయన. ఒకే మొక్కకు రెండు మూడు పేర్లుంటే, నొక్కి ఆరబెట్టి దాచిన పాత మొక్కల షీట్లలో ఏది ఏదో తేల్చకుండా "ఇంత తగ్గిపోయింది" అని చెప్పలేం.

ఈ జైగాంటియా, క్లైనోఫిల్లాలతో వేడి ప్రాంతాలకు తగిన కొత్త గులాబీలు పుట్టించిన వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. ముందుగానే ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో గులాబీలు పెంచారు. ఆయన జైగాంటియా సంకరాల్లో ఒకదాని పేరు 'గోల్డెన్ థ్రెషోల్డ్'. హైదరాబాద్‌లో సరోజినీ నాయుడు ఇంటి పేరూ అదే.

ఆకు ఎలా సేకరించాలి?

లేత ఆకు తీసుకోండి, అప్పుడే విచ్చుకున్నది. ముదురు ఆకులో పిండి పదార్థాలు, ఫినాల్స్ ఎక్కువ. నేను మొదటిసారి ముదురు ఆకులు నూరినప్పుడు ట్యూబులో డీఎన్‌ఏకు బదులు బెల్లం పాకంలాంటి గోధుమరంగు జిగురు మిగిలింది. వారం రోజుల పని వృథా. డీఎన్‌ఏను బయటకు తీయడానికి వాడే సీటీఏబీ ద్రావణంలో పీవీపీ అనే పదార్థం కలిపితే ఆ జిగురు చాలావరకు తగ్గుతుంది.

అడవిలో ఐస్ దొరకదు కాబట్టి ఆకును టీ ఫిల్టర్ కాగితంలో పెట్టి సిలికా జెల్ గుళికల్లో వేయండి. ఒకటి రెండు రోజుల్లో పెళుసుగా ఎండిపోవాలి. నెమ్మదిగా ఎండితే డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. పొదకు పొదకు మధ్య దూరం పాటించండి, లేకపోతే ఒకే మొక్క పిలకలను పదిసార్లు సేకరిస్తారు.

అన్నిటికంటే ముఖ్యం హెర్బేరియం షీట్. పూవు, ఆకు, కాయ ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి, చోటు, తేదీ, ఎత్తు రాసి, గుర్తింపు ఉన్న హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, పెట్టాలి. షీట్ లేని డీఎన్‌ఏ క్రమం చిరునామా లేని ఉత్తరం. పదేళ్ల తర్వాత పేరు తప్పని ఎవరికైనా అనుమానం వస్తే తిరిగి చూసుకోవడానికి ఏమీ ఉండదు.

వందేళ్ల నాటి షీట్ల నుంచి డీఎన్‌ఏ వస్తుందా?

వస్తుంది, చిన్న చిన్న ముక్కలుగా. డీఎన్‌ఏ చదివే కొత్త తరం సీక్వెన్సింగ్‌కు చిన్న ముక్కలే చాలు కాబట్టి ఇప్పుడు అది సమస్య కాదు. అయితే ఆకు చించడానికి హెర్బేరియం ఒప్పుకోవాలి.

అనుమతులు?

అడవిలో సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు మన జీవవనరులను పరిశోధనకు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. అమెరికాలో చదువుతున్న మన పిల్లలు సెలవులకు వచ్చి ఆకులు కవర్లో వేసుకెళ్లడం కూడా తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

మా ఇంటి గులాబీ ఎండిపోయి, మొదట్లోంచి కొత్త కొమ్మలు వచ్చాయి. ఇప్పుడు చిన్న పూలు గుత్తులుగా పూస్తున్నాయి. ఇది అడవి గులాబీ అయిందా? పరీక్ష చేయించాలా?

వద్దు, డబ్బు దండగ. కడియం నర్సరీల నుంచి వచ్చే గులాబీ మొక్కల్లో చాలావాటిని గట్టి వేరున్న వేరే గులాబీ మీద అంటు కడతారు. పైది చనిపోతే కిందది లేస్తుంది. అది మొదటి నుంచీ అక్కడే ఉంది, మారిందేమీ లేదు. అంటు కట్టిన కణుపు కంటే కింద నుంచి వస్తున్న చిగురు ఆకుల్ని పాత ఆకులతో పోల్చి చూడండి, తెలిసిపోతుంది. పై మొక్క ఇంకా బతికి ఉంటే, కింది చిగురు కనిపించగానే మొదలంటా తీసేయండి.